అమ్మకు పెట్టిన కూడు

అపొలోనియా లాంబేకి అసహ్యం పుట్టుకతోనే వచ్చింది. అరవయ్యొకటిలో పెద్ద తుఫాను వెళ్లిపోయిన మూడో రోజున, తల తెగిన కొబ్బరిచెట్టుకు కట్టేసిన పడవలో ఆమెను కన్నది తల్లి సొతేరా. పడవ చుట్టూ చచ్చిన కోళ్లూ, చేపలూ, ఒక బలిసిన పందీ తేలుతున్నాయట. పిల్ల ముందు ముక్కు చిట్లించి, ఆ తర్వాతే ఏడ్చిందని సొతేరా బతికున్నన్నాళ్లూ చెప్పేది. ఆ పంది కూడా పిల్లను చూసి ముక్కు చిట్లించిందని చెప్పేది గానీ, చచ్చిన పంది ఎలా చిట్లిస్తుందని అడిగినవాళ్లకు మాత్రం జవాబు చెప్పేది కాదు.

సైమన్ బైట్ అనే ఆ ఊరు బెలీజు దేశంలో దక్షిణాన ఉంది. ముందు సముద్రం, వెనక మడ అడవి, మధ్యలో ఒకటే వీధి. ఆ వీధిలో ఎవరు ఏం చేసినా అపొలోనియా నోటి నుంచి ఒక "ఛీ" వచ్చి తీరాల్సిందే. పదిహేనేళ్లకు నారింజరసం ఫ్యాక్టరీలో పనికి కుదిరి, ఈగలు చూసి ఛీ అని మానేసింది. చేపలు ఉప్పు వేసే షెడ్డులో చేరి, అక్కడి మేస్త్రీ చేతులు చూసి ఛీ అని మానేసింది. మొగుడు ఫాబియన్ రొయ్యల బోటెక్కి హోండురాస్ వైపు వెళ్లి అక్కడ ఇంకో కాపురం పెట్టాడని తెలిసినప్పుడు, ఊరంతా ఓదార్చడానికి వస్తే, "ఛీ, వాడి కాళ్ల కంపు ఇక దానికే" అని తలుపేసుకుంది.

ఒక్క రిసార్టులో మాత్రం పద్నాలుగేళ్లు నిలిచింది. గదులు కడిగే పని. పిల్లల కడుపు నిండాలి కాబట్టి ఛీ అనే మాటను నోట్లోనే ఉంచుకుని పద్నాలుగేళ్లు మింగింది. స్నానాల తొట్టి కన్నంలో చిక్కిన జుట్టు ఉండలు, మంచం కింద దొరికే సగం కొరికిన రొయ్యలు, దుప్పట్ల నిండా ఎండకు పూసుకునే తెల్ల క్రీము. ఆ క్రీముకు కొబ్బరీ మందులషాపూ కలిసిన ఒక వాసన ఉంటుంది. ఎన్నిసార్లు ఉతికినా పోదు. రిసార్టు గదుల్లో రంగుల పుస్తకం ఒకటి పెట్టేవారు. అందులో దేశం అంతా నీలంగా, తళతళలాడుతూ ఉండేది. మనుషులు ఉండేవారు కాదు. ఎక్కడైనా ఒకడు కనిపిస్తే డప్పు వాయిస్తూ పళ్లన్నీ చూపిస్తుండేవాడు. "ఈ పుస్తకంలో ఉన్న దేశంలో ఎవడూ దొడ్డికి పోడు. నేను రోజూ కడుగుతున్నది మరి ఏ దేశంవాళ్లదో!" అనేది అపొలోనియా.

ఆ పుస్తకం పక్కన నిలబెట్టి ఫొటో తీయదగ్గవాడు ఆమె చెల్లెలి కొడుకు ఎల్రాయ్. వాడి చిన్నప్పుడే చెల్లెలు పోతే అపొలోనియా చేతుల మీదే పెరిగాడు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ల వాడు. వ్యాను కొని, గైడు లైసెన్సు మెడలో వేలాడేసుకుని, ఓడల్లో వచ్చే తెల్లవాళ్లను ఊళ్లు తిప్పుతుంటాడు. చరిత్ర చెబుతాడు. ఆ చరిత్ర వినాలంటే కడుపులో ఏమీ లేకుండా వినాలి.

ఒకరోజు అపొలోనియా తొక్క తీసిన కర్రపెండలం దుంపలు పళ్లెంలో పెట్టి నెత్తిన పెట్టుకుని పోతుంటే, రేవు దగ్గర వాడు పదిమందికి చేతులూపుతూ చెబుతున్నాడు. తమ ముత్తాతల ముత్తాత సముద్రపు దొంగల ఓడను ఒంటిచేత్తో ముంచి, షార్కు మీద కూర్చుని ఈ ఒడ్డుకు వచ్చాడట. షార్కు ఇంకా బతికే ఉందట.

ఆమె ఆగి తమ భాషలో అరిచింది. "షార్కు మీద వచ్చాడా, నీ మొహం! నీ ముత్తాతకు పడవెక్కితే వాంతులు! మా అమ్మ నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పిన కథ ఏమైందిరా, కళ్లు లేని కప్పా!"

"ఏమంటోంది ఆవిడ?" అని అడిగారు తెల్లవాళ్లు.

"మా తెగ పెద్దావిడ. మీ ఓడకు గాలి అనుకూలించాలని దీవిస్తోంది" అన్నాడు ఎల్రాయ్. పదిమందీ చేతులు జోడించి నమస్కారం పెట్టారు. అపొలోనియా ఉమ్మేసి వెళ్లిపోయింది.

సొతేరా చెప్పిన కథలో షార్కులు ఉండేవి కావు. యురుమెయిన్ దీవి తమది. చెరుకు పండించుకోవడానికి తెల్లవాడు దాన్ని లాక్కున్నాడు. ఎదురు తిరిగినవాళ్లను ఓడలెక్కించే ముందు మంచినీళ్లు కూడా లేని దిబ్బ మీద పారేశాడు. సగం మంది అక్కడే ఆకలితోనూ రోగంతోనూ పోయారు. మిగిలిన ఆడవాళ్లు కర్రపెండలం ముక్కలు చంకల్లో దాచుకుని సముద్రం దాటారు. దారిపొడుగునా వాటికి నీళ్లు పోసింది వాళ్ల చెమటే. "అందుకే మనింట్లో పోయినవాళ్లు ఆకలి అంటే ఊరుకోకూడదు, పోలీ. మనవాళ్లు ఇప్పటికే చాలామంది ఆకలితో పోయారు" అనేది సొతేరా.

అలా చెప్పిన మనిషే ఆకలితో పోయింది. పదకొండేళ్ల కిందట ఒక శనివారం పొద్దున, అపొలోనియా పనికి బయల్దేరుతుంటే మంచం మీద నుంచి పిలిచింది.

"పోలీ, నోరు చేదుగా ఉందే. కాస్త హుదుత్ చేసి పెట్టవే. చేప తలకాయ నాకే వెయ్యి."

"రేపు చేస్తానమ్మా. ఇవాళ రెండు ఓడలు వచ్చాయి."

హుదుత్ అంటే పచ్చిదీ పండుదీ అరటిని కలిపి రోట్లో దంచిన ముద్ద, దాని పక్కన కొబ్బరిపాల చేప పులుసు. పెద్ద పనేం కాదు. కానీ ఆ మధ్యాహ్నం ఆరో నంబరు గది తొట్టిలోంచి జుట్టు ఉండ లాగుతుండగా కబురు వచ్చింది. చేతిలో ఆ తడి జుట్టు పట్టుకునే ఇంటిదాకా పరిగెత్తుకొచ్చింది. మళ్లీ రిసార్టు గడప తొక్కలేదు.

పోయిన వానాకాలంలో తెల్లవారుజామున సొతేరా కలలోకి రావడం మొదలుపెట్టింది. బియ్యం బస్తా మీద కూర్చుని, ఖాళీ నోరు అదేపనిగా నములుతూ ఉంటుంది.

"ఏం నములుతున్నావమ్మా?"

"నువ్వేం పెట్టావని నమలను?"

మూడుసార్లు అదే కల. నాలుగోసారికి అపొలోనియా కుడిమోకాలు సీమపనసకాయంత వాచింది. పట్నం ఆసుపత్రిలో సూదులూ ఫొటోలూ అన్నీ అయ్యాయి, ఏమీ లేదన్నారు. పోయినవాళ్లతో మాట్లాడే బూయె యూలోజియా దగ్గరికి వెళితే, ఆ ముసలామె చుట్ట వెలిగించి, పొగ మోకాలి మీదికి ఊది, ఒక్క ముక్కలో తేల్చేసింది. "మీ అమ్మకు ఆకలే. విందు పెట్టు."

విందంటే మాటలా! బంధువులందరూ రావాలి. అన్నయ్య పాంతలియోన్ డెబ్భై ఏళ్లవాడు, గ్వాతెమాలా వైపు లివింగ్‌స్టన్ నుంచి తన పడవలో భార్యతో వచ్చాడు. బెలీజు సిటీ నుంచి పినతల్లి పిల్లలు వచ్చారు. నలభై మంది తేలారు. రెండు రోజులు కర్రపెండలం తురిమి, విషపు రసం పిండి, రొట్టెలు కాల్చారు. పాంతలియోన్ దీవుల దాకా వెళ్లి చేపలూ పీతలూ తెచ్చాడు. వండేవాళ్లు రుచి చూడకూడదు. ముందు నోరు పోయినవాళ్లదే. అపొలోనియా వంటపొయ్యి దగ్గర కట్టె పట్టుకుని నిలబడి, వేలు నాకబోయిన ప్రతివాడి వేలి మీదా ఒకటి వేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి ముందుగదిలో బల్ల నిండింది. తెల్లబట్ట పరిచి, అంచు పెచ్చులూడిన సొతేరా పింగాణీ పళ్లెం మధ్యలో పెట్టి, అందులో హుదుత్, అరచేతి మీద పట్టనంత ఎర్రచేప తలకాయ పెట్టారు. చుట్టూ పీతలు, కోడి, రొట్టెలు, డబ్బాపాలు పోసిన కాఫీ, ఒక రమ్ము సీసా, పొగాకు. ఇక ఇల్లు ఖాళీ చేయాలి. తింటున్నవాళ్లను చూడకూడదు. అందరూ సముద్రం వైపు పెరట్లోకి వెళ్లి, ఆడవాళ్లు చిటికెన వేళ్లు కలుపుకుని పాటలు పాడాలి. అయిదు పాటలు అయ్యేదాకా తలుపు తీయకూడదు. ఆ పాటలేమో ఒక్కోటి పట్టుకుంటే వదలవు.

వీధి వాకిలి దగ్గర కాపలాకి ఎవరన్న మాట వచ్చింది.

"ఎల్రాయ్‌ని పెట్టు. దారి తప్పి వచ్చే తెల్లవాళ్లను మళ్లించడం వాడికి బాగా తెలుసు" అన్నాడు పాంతలియోన్.

ఆ మాటకు అందరూ సరేనన్నారు.

అయిదు పాటలూ అయ్యాయి. యూలోజియా పెరటి తలుపు తోసింది. తోసి, గడప మీదే నిలబడిపోయింది. వెనక ఉన్నవాళ్లు ఆమె భుజాల మీదుగా తొంగిచూశారు.

బల్ల ఊడ్చిపెట్టుకుపోయింది. చేప వెన్నెముక దువ్వెనలా మిగిలింది. పీతల డిప్పలు గుట్టగా పడి ఉన్నాయి. సొతేరా పళ్లెంలో హుదుత్ గోకినట్టు ఖాళీ. రమ్ము సగానికి దిగింది.

పోయినవాళ్లు తింటే పళ్లెం తరగదు. ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ అది తెలుసు. వాళ్లు తినేది కంటికి కనపడేది కాదు, అందులోని సారం. ముప్ఫై నలభై విందులు పెట్టించిన యూలోజియా కూడా ఎప్పుడూ నిండు బల్లలే చూసింది. పాంతలియోన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అమ్మా! ఎంత ఆకలి మీదున్నావే తల్లీ! ఎముకలు తప్ప ఏమీ వదల్లేదు కదే!"

"సొతేరా అత్త బతికున్నప్పుడు కూడా ఇంత తినేది కాదు" అంది పాంతలియోన్ భార్య కళ్లు తుడుచుకుంటూ.

"పదకొండేళ్ల ఆకలి మరి!" అన్నారెవరో. నలభై మంది ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చి, విషయం తెలిసి, వాళ్లూ కలిశారు. మరుసటి వారానికల్లా ఈ కథ మూడూళ్లు తిరిగి, సొతేరా బల్ల కూడా కొరికిందనే దాకా వెళ్లేదే.

అపొలోనియాకు మోకాలి నొప్పి తెలియలేదు. ఆ సంగతి కూడా గమనించకుండా గబగబా బల్ల దగ్గరికి వెళ్లింది. అమ్మ తాగిన కప్పు. రెండు చేతులతో ఎత్తి, అమ్మ పెదవులు ఆనిన అంచుకు తన పెదవులు ఆనించి, కళ్లు మూసుకుని ముద్దు పెట్టుకుంది.

కొబ్బరీ మందులషాపూ కలిసిన వాసన.

కళ్లు తెరిచింది. కప్పు అంచున గులాబీరంగు లిప్‌స్టిక్ ముద్ర. పళ్లెం కింద నలిపిన కాగితం గుడ్డలో నమిలి ఉమ్మేసిన కర్రపెండలం రొట్టె. కుర్చీ కింద కెచప్ పొట్లం ఒకటి, మూతి చించింది. హుదుత్ మీద కెచప్ పోసుకున్నారు. సొతేరా పళ్లెంలో. మోకాలు ఒక్క ఉదుటున సలిపింది. అపొలోనియా నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తి, సీమపనస చెట్టు మొదట్లో పొద్దున తాగిన నీళ్లతో సహా కక్కేసింది. ఇసుకతో పెదవులు తోముకుంది. రక్తం వచ్చేదాకా తోముకున్నా ఆ వాసన పోలేదు.

ఎల్రాయ్ వీధిలో వ్యాను అద్దం తుడుస్తున్నాడు. ఆమె వాడి చొక్కా కాలరు పట్టుకుంది.

"ఎంతమంది?"

"ఎవరు పెద్దమ్మా?"

"ఎంతమందిరా!"

"పదకొండు" అన్నాడు వాడు నేల చూస్తూ. "ఊరికే కిటికీలోంచి ఒక ఫొటో అన్నారు. సరే అన్నాను. ఒకావిడ తలుపు తోసి, ఇది మన భోజనమా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే కూర్చున్నారు."

"నోరు తెరిచి ఏమన్నావు?"

ఎల్రాయ్ అద్దం తుడిచే గుడ్డను మడత పెట్టాడు.

"ఏమన్నావురా!"

"పూర్వీకుల విందు అన్నాను. పూర్వీకులతో కలిసి తినడం మా ఆచారం అన్నాను. అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా పెద్దమ్మా, గైడుని!"

"థూ! మీ అమ్మమ్మ కుర్చీలో కూర్చున్నదెవరు?"

"ఒక లావాటాయన. మంచివాడే. లేచేటప్పుడు కుర్చీ సర్ది మరీ లేచాడు."

"చేప తలకాయ ఎవరు తిన్నారు?"

ఎల్రాయ్ మొహం కాస్త తేలికపడింది. "తలకాయా? అది ఎవరూ ముట్టుకోలేదు పెద్దమ్మా, ఒట్టు! కళ్లు చూస్తున్నాయని భయపడి ఒకావిడ దాన్ని కిటికీలోంచి కుక్కకి విసిరేసింది."

అపొలోనియా కాలరు వదిలేసింది. కొట్టడానికి కూడా చెయ్యి రాలేదు. వాడిని ముట్టుకోవడానికే రోత పుట్టింది. పదకొండేళ్లు దాచుకున్న ఒక్క మాట, "తలకాయ నాకే వెయ్యి" అన్న మాట, వీధికుక్క నోట్లో పోయింది.

ఎల్రాయ్ గొంతు తగ్గించి దగ్గరికి జరిగాడు. "పెద్దమ్మా, ఒక మాట. లోపల అందరూ ఎంత సంతోషంగా ఉన్నారో విను. మామయ్య అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల ఓడ పొద్దుగూకేలోగా వెళ్లిపోతుంది. నువ్వు నోరు మెదపకపోతే అమ్మమ్మ తిన్నట్టే. అబద్ధమైతే ఏం, మంచి కథే కదా!"

ఇంట్లోంచి పాట వినిపిస్తోంది. ఎవరో డప్పు మళ్లీ అందుకున్నారు. నిజానికి ఒక్క క్షణం అపొలోనియా మనసు ఊగింది. నలభై మందిని మళ్లీ పోగేసేది ఎవరు? మళ్లీ ఎన్నాళ్లకు? అందరూ తిన్నదంటున్నారు, తిన్నదనుకుంటే పోలా? కానీ రేపు తెల్లవారుజామున బియ్యం బస్తా మీద కూర్చుని ఖాళీ నోరు నమిలేది వాళ్ల ఇళ్లలో కాదు, తన ఇంట్లో.

లోపలికి వెళ్లి, డప్పు మీద చెయ్యి పెట్టి ఆపి, అంతా చెప్పేసింది. లిప్‌స్టిక్ కప్పు, కెచప్ పొట్లం, ఉమ్మేసిన రొట్టె వరసగా బల్ల మీద పెట్టింది. కుక్క సంగతీ దాచలేదు.

సిటీ నుంచి వచ్చిన పినతల్లి కొడుకొకడు గొణిగాడు. "ఎందుకు చెప్పావక్కా? ఎంత చక్కగా ఏడ్చుకున్నాం!"

"ఏడిస్తే మీ కడుపులు నిండాయి. అమ్మది నిండలేదు" అంది అపొలోనియా.

పాంతలియోన్ తెడ్డు పట్టుకుని వీధి వైపు లేచాడు. "ఏడీ వాడు? అమ్మ విందు అమ్ముకున్నవాడు ఏడీ!"

"కొట్టడం తర్వాత" అంది యూలోజియా చుట్ట తీసి. ఆమె అంతసేపూ ఒక్క కన్నీటి చుక్క కార్చలేదని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. "పొద్దు ఇంకా ఉంది. ఇల్లు కడగండి, మళ్లీ పెట్టండి. సొతేరా పీతలడిగిందా, కోడినడిగిందా? ఒక్క పళ్లెం అడిగింది."

"చేప లేదు కదా, అమ్మా" అంది పాంతలియోన్ భార్య.

"సముద్రం ఎక్కడికీ పోలేదు. అమ్మినవాడినే పట్టుకు రమ్మనండి."

పాంతలియోన్ ఎల్రాయ్‌ని పడవలో కూలేసి పగడపు రీఫు దాకా తీసుకెళ్లాడు. ఒక్కచోట కదలకుండా కూర్చోబెట్టి, చేతికి గాలమిచ్చి, తాను తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. షార్కు మీద వచ్చినవాడి ముని మనవడు పడవ అంచు పట్టుకుని మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. "చేపలకు నువ్వు విందు పెడుతున్నావా?" అన్నాడు మేనమామ. చివరికి ఒకే ఒక ఎర్రచేప పడింది. చిన్నదే. తలకాయ మాత్రం ఉంది.

ఈలోగా అపొలోనియా తెల్లబట్ట తీసుకెళ్లి పొయ్యిలో పారేసింది. బల్లనూ కుర్చీనీ నిమ్మకాయ, బూడిద పెట్టి తోమింది. పళ్లెం ఏడుసార్లు కడిగింది. కప్పు కడగలేదు, బండకేసి కొట్టింది. రోలు ముందు వేసుకుని వాచిన కాలు చాపుకుని అరటి దంచుతుంటే ఎవరూ దగ్గరికి రాలేదు. రోకలి పడ్డ ప్రతిసారీ ఎవరి తల అనుకుని దంచుతోందో అందరికీ అర్థమవుతూనే ఉంది. కొబ్బరిపాలు పోసి, చేప వేసి, ఉప్పు వేసింది. కోపంలో ఒకసారి వేశానో లేదో అనిపించి ఇంకో పిడికెడు వేసింది. రుచి చూసే ఆచారం లేదు కాబట్టి పడినంత పడింది.

ఒక్క పళ్లెం. ఒక్క చేప. ఒక్క కుర్చీ. ఈసారి వీధి గడప మీద అపొలోనియాయే కూర్చుంది, రోకలి ఒళ్లో పెట్టుకుని. ఎండ తగ్గేవేళ ఎవరిదో వ్యాను ఒకటి నెమ్మదించి, కిటికీలోంచి ఒక కెమెరా బయటికొచ్చింది. ఆమె రోకలి ఎత్తి చూపించింది. వ్యానుకు హఠాత్తుగా ఎక్కడో పని గుర్తొచ్చి వెళ్లిపోయింది.

పెరట్లో అయిదో పాట ముగిసింది. యూలోజియా తలుపు తోసింది.

పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ముద్ద గుండ్రంగా, పులుసు మీద మీగడ కట్టి, చేప కన్ను పైకి చూస్తూ. ఇందాక ఖాళీ బల్ల చూసిన కళ్లకు అది చాలా చిన్నగా కనిపించింది. "ముట్టలేదు" అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

యూలోజియా పళ్లెం వైపు చాలాసేపు చూసింది. "ఎవరన్నా తినండి" అంది. "పోయినవాళ్లు తిన్నాక మిగిలింది ఇంట్లో చిన్నవాళ్లది."

అపొలోనియా రోకలితో ఎల్రాయ్‌ని చూపించింది. "నువ్వు కూర్చో. ఇందాక నీ చుట్టాలను కూర్చోబెట్టావు కదా. ఇప్పుడు నువ్వు తిను."

వాంతులతో పాలిపోయిన మొహంతో ఎల్రాయ్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ముద్ద చిదిపి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగి, ఇంకోసారి ముంచి నోట్లో పెట్టుకున్నాడు. పెద్దమ్మ చేతిలోని రోకలి వైపు చూశాడు.

"కొడతావేమో పెద్దమ్మా. మరి... ఉప్పు వెయ్యలేదు నువ్వు."

"నోరు పాడైందేమో నీకు" అంటూ పాంతలియోన్ వంగి, వేలు పులుసులో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నొసలు ముడిచాడు. ఇంకోసారి ముంచాడు. "చప్పగా ఉంది, పోలీ. కొబ్బరి కూడా తెలియడం లేదు. ఉత్త నీళ్లలా ఉంది."

అపొలోనియా వచ్చి బల్లకు చెయ్యి ఆనించి నిలబడింది.

"రెండు పిడికిళ్లు వేశాన్రా, వెధవా" అంది.

ఎల్రాయ్ నోట్లోది మింగాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత, చప్పుడు కాకుండా, అమ్మమ్మ కుర్చీలోంచి లేచాడు.